అప్‌డేట్: ఆర్మర్డ్ ట్రూపర్ వోటమ్స్ చూడొచ్చా అని అడిగాను కదా

1983 నాటి పాత యానిమే (జపాన్ యానిమేషన్ సిరీస్), 52 ఎపిసోడ్లు, అంత టైమ్ పెట్టొచ్చా అని అడిగితే మీలో చాలామంది ఊడో సిటీ భాగం, అంటే మొదటి 13 ఎపిసోడ్లు చూసి తేల్చుకోమన్నారు. అది అయిపోయింది, ఆపబుద్ధి కాక దాని తర్వాతదైన కుమ్మెన్ అడవుల భాగంలోకి కూడా దిగాను.

చూడొచ్చు. కాకపోతే హీరోకంటూ ఒక గొప్ప రోబో కావాలనుకునేవాళ్లకు ఇది పడదు. ఇందులో హీరో ఎక్కి నడిపే రోబో స్కోప్‌డాగ్ అనేది దాదాపు 4 మీటర్ల ఎత్తుండే మామూలు సైన్యపు డొక్కు బండి, పాడైతే హీరో కిరికో దాన్ని అక్కడే వదిలేసి ఇంకోటి ఎక్కేస్తాడు, సెంటిమెంటేమీ లేదు! ముఖం ఉండాల్సిన చోట మూడు లెన్సులు, దేంతో చూడాలంటే అది గిర్రున తిరిగి ముందుకొస్తుంది. పిడిగుద్దు గుద్దితే చేతిలోంచి తూటా గుల్ల ఎగిరి పడుతుంది. ఆ చిన్న చిన్న వివరాలకే పడిపోయాను.

కథంటారా, వందేళ్ల యుద్ధం ముగిసే వేళ సొంత సైన్యం స్థావరం మీదే దాడికి పంపిన సైనికుడు కిరికోను, అక్కడ చూడకూడనిది చూశాడని సొంతవాళ్లే వెంటాడతారు. కిరికో పెద్దగా మాట్లాడడు, మొదట్లో విసుగొస్తుంది. వాడిన షాట్లే మళ్లీ మళ్లీ వాడారు, అది మాత్రం భరించాలి. అతనికి జతకలిసే గోతో, వనిల్లా, కొకోనా ముగ్గురూ వచ్చాక ఊపొస్తుంది.

ఎపిసోడ్ చివర వచ్చే తర్వాతి భాగం ప్రకటనను మాత్రం స్కిప్ చేయకండి, ఆ గొంతు విని తీరాలి.