దుప్పటి చేతికిచ్చేటప్పుడు ఫోటో తీయాలా?

గుండ్లకమ్మ ఒడ్డు (ఆదివారం, రాత్రి 9:10)
అందరికీ వందనాలు. ఈరోజు మా సంఘంలో క్రిస్మస్ దుప్పట్ల పంపిణీ జరిగింది. విధవరాండ్రు, వృద్ధులు కలిపి అరవై మంది. ఆరాధన పదిన్నరకే ముగిసింది కానీ పంపిణీ ఒంటిగంట దాకా సాగింది. ఆలస్యమంతా ఫోటోల వల్లే. ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలవడం, దుప్పటి ఒక కొస ఆమె చేతికి, రెండో కొస సంఘ పెద్దల చేతికి ఇవ్వడం, "అమ్మా, ఇటు చూడు" అనడం. ఒక ముసలమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటే కొంగు తీయించి మరీ తీశారు. వెనక బ్యానరు మీద యేసుప్రభువు బొమ్మ, దాత బొమ్మ. రెంటిలో దాతదే పెద్దది.

"నీ కుడిచెయ్యి చేయునది నీ యెడమచేతికి తెలియకయుండవలెను" అన్న మాట (మత్తయి 6:3) సండే స్కూలులో మనమంతా కంఠతా పట్టిందే. ఫోటో తీయడం తప్పా, కాదా? తిప్పకుండా చెప్పండి.

మూడో బెంచి (రాత్రి 9:14)
తప్పే. మా దగ్గర డ్రోను కూడా ఎగిరింది.

లెక్కల మాస్టారు (రాత్రి 10:02)
పద్దెనిమిది ఏళ్లుగా మా సంఘంలో కోశాధికారిని. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను, గుడిలో లెక్కలు రాస్తున్నాను. కాబట్టి నా మాట కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

మత్తయి 6 చదివినవాళ్లు 2 కొరింథీ 8 కూడా చదవాలి. యెరూషలేములోని బీదల కోసం పౌలు సంఘాల దగ్గర చందా పోగుచేశాడు. ఆ సొమ్ము ఒక్కడే పట్టుకుపోయాడా? లేదు. సంఘాలు ఏర్పరచిన మనిషిని కూడా పంపించాడు. ఎందుకంటే, ఇంత పెద్ద ధర్మం విషయంలో మా మీద ఎవడూ తప్పు మోపకుండా జాగ్రత్త పడుతున్నాం అన్నాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుష్యుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలన్నాడు. అంటే అపొస్తలుడికే సాక్ష్యం అవసరమైంది. మీ ఊరి పెద్దలకు అక్కరలేదా?

పైగా ఇప్పుడు ప్రభుత్వ నిబంధనలు ఎలా ఉన్నాయో తెలుసా? విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తరువాత విదేశీ విరాళం ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. ఒక సంస్థ తీసుకున్నది మరో సంస్థకు మళ్లించకూడదు. నిర్వహణ ఖర్చు అంతకుముందు 50 శాతం వరకు ఉండేది, ఇప్పుడు 20 దాటకూడదు. ఇంత బిగువులో రుజువు లేకుండా పరిచర్య చేయమంటే ఎవరు చేస్తారు?

గుండ్లకమ్మ ఒడ్డు (రాత్రి 10:20)
మాస్టారూ, మా దాత విదేశీయుడు కాదు. మా ఊళ్లోనే రోడ్ల కాంట్రాక్టు చేస్తాడు. ఢిల్లీ బ్యాంకుకూ మా దుప్పట్లకూ సంబంధం ఏమిటి? ఆ చట్టం ఖాతాలు, లెక్కలు అడుగుతుంది. ముసలమ్మ ముఖం అడుగుతుందని నేను ఎక్కడా చదవలేదు.

వాక్య విద్యార్థి (రాత్రి 10:41)
ఒక్క విషయం సరిచేయాలి. 6:3లోని ఎడమచెయ్యి ఎవరిది? "నీ యెడమచెయ్యి" అని ఉంది. అంటే ఇచ్చేవాడిదే. కాబట్టి అక్కడి బోధ ఇతరులకు తెలియకూడదని కాదు, ఇచ్చినవాడు తానే లెక్క పెట్టుకుని మురిసిపోకూడదని. మనుష్యులకు కనబడాలని చేయడం గురించి చెప్పేవి 6:1, 6:2. మీరు తప్పు వచనం ఎత్తారు.

మూడో బెంచి (రాత్రి 10:43)
ధర్మం చేసేటప్పుడు ఊదించవద్దన్న బూర 6:2లోనే కదా? ఇప్పుడు దాన్ని ఫోను అంటున్నాం.

వాక్య విద్యార్థి (రాత్రి 10:58)
హాస్యం కాదు సోదరా. అదే కొండమీది ప్రసంగంలో 5:16 ఉంది. మనుష్యులు మీ సత్క్రియలను చూచి తండ్రిని మహిమపరచునట్లు మీ వెలుగు ప్రకాశింపనియ్యుడి అని. చూడకుండా మహిమపరచడం ఎలా? కాబట్టి కనబడడం దోషం కాదు, ఎవరి మహిమ కోసం కనబడుతున్నామన్నదే ప్రశ్న. అందుకే ఎడమచెయ్యి ఎవరిదో తేలాలి.

కాలువ గట్టు (సోమవారం, ఉదయం 6:30)
మా తాత ముత్తాతల కథ ఒకటి చెబుతాను. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చిన వేలమందికి పని చూపించి కూలి ఇచ్చాడు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు నెలల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పని ముగిశాకే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మెదక్‌లో పోస్నెట్ దొర కూడా కరువు రోజుల్లో కూలి ఇచ్చి ఆ పెద్ద చర్చి కట్టించాడు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు. కూలి తీసుకున్న మనిషి తల దించుకోనక్కరలేదు. దుప్పటి దగ్గరే ఈ తంటా అంతా.

లెక్కల మాస్టారు (ఉదయం 8:15)
బాగుంది. మరి క్లౌ దొర బోస్టన్‌లోని మిషన్ వారికి నివేదికలు పంపలేదా? 2,222 అని మీకు ఎలా తెలిసింది? ఎవరో లెక్క పెట్టారు కాబట్టి, కాగితం మీద పెట్టారు కాబట్టి. లెక్క లేకపోతే మీ తాతల కథ కూడా లేదు.

వాక్య విద్యార్థి (ఉదయం 8:40)
అసలు 2,222 మందికి ఒక్క రోజులో ఎలా సాధ్యమైందో కూడా చర్చించాలి.

నిర్వాహకుడు (ఉదయం 8:52)
దానికి వేరే చర్చ తెరవండి. ఇక్కడ ఫోటోల గురించి మాత్రమే.

డాలస్ నుంచి (ఉదయం 10:05)
నేను ఫోటోలు అడిగే బాపతు మనిషిని, తిట్టదలిస్తే తిట్టండి. మా సొంత ఊరి వైపు ఒక హాస్టలుకు ఏటా డబ్బు పంపేవాడిని. ఒకసారి నాకు వచ్చిన ఫోటోలోని పిల్లవాడే మా స్నేహితుడికి పంపిన ఫోటోలోనూ ఉన్నాడు. చొక్కా అదే, పేరు మాత్రం వేరు. అప్పటి నుంచి ఏది పంపినా రుజువు అడుగుతాను. కష్టపడి సంపాదించిన డబ్బు. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడిని పూటకూళ్ల ఇంటికి చేర్చిన మంచి సమరయుని గురించి ప్రసంగాలు చేసేవాళ్లు చాలామందే ఉన్నారు, ఆ సమరయుడు పూటకూళ్లవాడికి ఇచ్చిన రెండు దేనారములు ఏమయ్యాయో అడిగేవాళ్లు ఎవరూ లేరు.

మూడో బెంచి (ఉదయం 10:09)
పూటకూళ్లవాడు రసీదు ఇచ్చాడా?

లెక్కల మాస్టారు (ఉదయం 10:31)
రసీదు ఎందుకు? "నీవింకేమైనను ఖర్చు చేసినయెడల నేను మరల వచ్చునప్పుడు అది నీకు తీర్చెదను" అన్నాడు సమరయుడు. అది ఖాతా తెరవడమే. మరల వచ్చి లెక్క చూస్తాడు. లూకా 10 చదవండి.

గుండ్లకమ్మ ఒడ్డు (ఉదయం 10:50)
లెక్క ఎవరితో చూస్తాడు మాస్టారూ? పూటకూళ్లవాడితో. దెబ్బలు తిని పడి ఉన్నవాడిని లేపి, "ఈ కట్టు ఒక కొస పట్టుకో, ఇటు చూడు" అనలేదు. అసలు ఆ గాయపడ్డవాడి పేరు, ఊరు, కులం ఏమిటో కథలో ఎక్కడా లేవు. డబ్బు లెక్క డబ్బు ముట్టుకున్నవాళ్ల మధ్య తేల్చుకోండి. బిల్లు ఉంది, దుకాణం ఉంది, మూటలు ఉన్నాయి, ఇద్దరు సాక్షులు ఉన్నారు. చాలదా?

లెక్కల మాస్టారు (ఉదయం 11:12)
చాలదు. చెప్పడం తేలిక, చేసి చూస్తే తెలుస్తుంది. ఇలాంటి చోట్ల కూర్చుని రాసేవాళ్లను ఒకటే అడుగుతాను. బియ్యం మూట భుజాన వేసుకుని ఒక్క గడపకైనా వెళ్లారా? చందా కోసం పదిమంది ఎదుట చెయ్యి చాచారా? గుండ్లకమ్మగారూ, ఈ ఏడాది మీరు ఎన్ని దుప్పట్లు ఇచ్చారు? సంఖ్య చెప్పండి.

గుండ్లకమ్మ ఒడ్డు (ఉదయం 11:20)
సున్నా. మేము ఇవ్వలేదు మాస్టారూ, తీసుకున్నాం. కొంగు అడ్డం పెట్టుకున్న ముసలమ్మ మా అమ్మ.

ఇప్పుడు మిగిలింది కూడా రాసుకోండి, లెక్క సరిపోతుంది. నేను మిషన్ హాస్టలులో ఆరు నుంచి పది దాకా చదివాను. ఏడాదికోసారి పలక మీద నంబరు రాసి, ఛాతీకి ఆనించి పట్టుకోమని ఫోటో తీసేవారు. తరువాత దాతకు ఉత్తరం. నల్లబల్ల మీద రాసినదే అందరం ఎత్తి రాసేవాళ్లం. "నేను బాగున్నాను, మీ కోసం ప్రార్థిస్తున్నాను." ఆ వారం నాకు కామెర్లు. అయినా బాగున్నానని రాశాను. ఆ అన్నం తిన్నాను, ఆ చదువుతోనే ఉద్యోగం వచ్చింది, కృతజ్ఞత లేనివాడిని కాను. కానీ నాకు జీతం వస్తున్నా మా అమ్మ పేరు ఆ జాబితాలో ఎందుకు ఉందో అడగండి. మా పేట పేర్లన్నీ ముప్పై ఏళ్లుగా ఆ జాబితాలోనే ఉన్నాయి. తీసేయమంటే, "పెద్దలు పిలిచినప్పుడు రాకపోతే బాగుండదు" అంటారు. దుప్పటికి ఒక కొస ఎప్పుడూ ఒకే పేట చేతిలో, రెండో కొస ఎప్పుడూ రెండో వీధి చేతిలో. ఒక్క ఏడాది కూడా తిరగబడలేదు.

డాలస్ నుంచి (ఉదయం 11:41)
ఆ పలక ఫోటోలు మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉండేవి. మా అమ్మాయి చిన్నప్పుడు, "ఈ అన్నయ్య మనకు ఏమవుతాడు?" అని అడిగేది. ఏదో ఒకటి చెప్పి మాట మార్చేవాడిని. ఇంతకుమించి రాయలేను.

వాక్య విద్యార్థి (ఉదయం 11:55)
చాలా బాధాకరం సోదరా. అయితే ఇది కూడా నా మాటనే బలపరుస్తోంది, ఎడమచెయ్యి ఇచ్చేవాడిదే.

నిర్వాహకుడు (ఉదయం 11:57)
విద్యార్థిగారూ, చాలు.

లెక్కల మాస్టారు (మధ్యాహ్నం 3:30)
అమ్మగారి సంగతి తెలియక అన్నాను. క్షమించండి.

కానీ నేను ఫోటోల కోసం ఎందుకు పట్టుబడతానో కూడా వినండి. ఒక వరద ఏడాది మా సంఘం తరఫున నలభై బస్తాల బియ్యం పంచాను. మీరన్నట్టే పంచాను. చీకటి పడ్డాక, గడప గడపకూ తిరిగి, సంతకం లేదు, ఫోటో లేదు. ఎవరూ చిన్నబోకూడదని. మార్చిలో సర్వసభ్య సమావేశంలో ఒకాయన లేచి, పన్నెండు బస్తాలు ఎటు పోయాయని అడిగాడు. బల్ల ముందు నిలబడ్డాను. నా చేతిలో బియ్యం కొన్న బిల్లు ఉంది, పంచినట్టు కాగితం లేదు. బియ్యం తీసుకున్నవాళ్లు అదే హాల్లో కూర్చున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ ఏడాదంతా నా భార్య గుడికి రాలేదు. ఇరవై తొమ్మిది ఏళ్లు మచ్చ లేకుండా ఉద్యోగం చేసినవాడిని, ఆ రోజు దొంగగా ఇంటికి వెళ్లాను. ఆ మరుసటి ఏడు కెమెరా కొన్నాను, సొంత డబ్బుతో.

గుండ్లకమ్మ ఒడ్డు (మధ్యాహ్నం 3:52)
మీకు జరిగింది అన్యాయం, మాస్టారూ. ఒక్క మాట అడుగుతాను. ఆ బియ్యం తీసుకున్నవాళ్లు ఆ హాల్లో ఎక్కడ కూర్చున్నారు? అంతకుముందు ఏ సమావేశంలోనైనా వాళ్లను ఎవరైనా ఏదైనా అడిగారా?

లెక్కల మాస్టారు (సాయంత్రం 4:10)
వెనక, చాపల మీద. అడగలేదు.

వంటింటి కిటికీ (సాయంత్రం 5:05)
రెండు రోజులుగా చదువుతున్నాను, మగవాళ్లంతా వచనాలు విసురుకుంటున్నారు. అపొస్తలుల కార్యములు 6 ఎవరికీ గుర్తు రాలేదా? అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. సంఘం ఏం చేసింది? ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించింది. ఆ ఏడుగురి పేర్లు చదవండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అంటే సణిగినవాళ్ల వైపు మనుషుల చేతికే గరిటె ఇచ్చినట్టుంది. మన కమిటీల్లో దుప్పటి తీసుకునే ఆడవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?

మా స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం పద్ధతి ఉంది. అన్నానికి ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తాం. శనివారం అన్ని డబ్బాలూ ఒకే గంగాళంలో పోస్తాం. సోనా మసూరి, రేషను బియ్యం కలిసిపోతాయి. మిజోరంలో 1910 నుంచి ఇదే పద్ధతితో సంఘాలు నడుపుకుంటున్నారు. గంగాళం నుంచి ఈ వారం తీసుకున్నావిడ వచ్చే వారం తన డబ్బా కూడా తెస్తుంది. ఎవరిది ఏ గింజో తెలియదు. ఎడమచెయ్యి ఎవరిదో తేల్చాలంటే విద్యార్థిగారిని ఒక శనివారం మా దగ్గరికి పంపండి.

మూడో బెంచి (సాయంత్రం 5:08)
అక్కకు వందనాలు.

లెక్కల మాస్టారు (సాయంత్రం 6:20)
అమ్మా, బియ్యానికి సరే. అరవై వేల రూపాయల దుప్పట్లకు ఇది కుదరదు. తీసుకునేవాళ్లే పంచేవాళ్లయితే తనిఖీ ఎవరు చేస్తారు? తమవాళ్లకే రెండేసి ఇచ్చుకుంటే?

గుండ్లకమ్మ ఒడ్డు (సాయంత్రం 6:31)
ఇప్పుడు ఇచ్చేవాళ్లు తమవాళ్లకే ఇచ్చుకోవడం లేదా? జాబితా మీరు రాస్తే నమ్మకం, మేము రాస్తే అనుమానం. ఇది ఫోటో పేచీ కాదు మాస్టారూ.

లెక్కల మాస్టారు (సాయంత్రం 6:50)
నేను అలా అనలేదు.

గుండ్లకమ్మ ఒడ్డు (సాయంత్రం 6:52)
అన్నారు. పైన ఉంది, చూసుకోండి.

లెక్కల మాస్టారు (రాత్రి 9:40)
చూశాను. అన్నాను.

వచ్చే నెల మా పంపిణీ. కమిటీలో చాపల వైపు నుంచి ఇద్దరిని కూర్చోబెట్టమని అడుగుతాను. ఒప్పుకుంటారో లేదో చెప్పలేను, మా పెద్దల సంగతి నాకు తెలుసు. మూటలకు, బిల్లులకు మాత్రం ఫోటో తీస్తాను, అది మానను. మనుషులకు బదులు సంతకాల పుస్తకం పెడతాను. అయితే సంతకం రానివాళ్లు సగం మంది ఉంటారు. వాళ్ల దగ్గర వేలిముద్ర తీసుకోవడానికి కూడా మీకు అభ్యంతరమేనా?

గుండ్లకమ్మ ఒడ్డు (రాత్రి 9:58)
అమ్మను అడిగి చెబుతాను. ఇప్పుడు నిద్రపోతోంది. దుప్పటి కప్పుకోలేదు, మడిచి పెట్టె మీద పెట్టింది.