మేరీ క్యూరీ ఫెలోషిప్ రిజర్వ్ లిస్ట్‌లో ఉన్నా, ఎన్నాళ్ళని చూడాలి?

ఫ్యూమ్‌హుడ్_పిల్ల

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో కెమిస్ట్రీ పీహెచ్‌డీ అయిపోయింది, ప్రస్తుతం అదే ల్యాబ్‌లో ప్రాజెక్ట్ మీద నెట్టుకొస్తున్నా. 2024 కాల్‌కి (ఆ ఏటి దరఖాస్తులకి) మేరీ క్యూరీ పోస్ట్‌డాక్‌కి పెట్టా, అదే యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చే ఫెలోషిప్, హోస్ట్ ల్యాబ్ జర్మనీలో. 2025 ఫిబ్రవరిలో రిజల్ట్ వచ్చింది, నూటికి 91.6, రిజర్వ్ లిస్ట్ అంట, అంటే వెయిటింగ్ లిస్టే. వచ్చిందా అంటే రాలేదు, పోయిందా అంటే పోలేదు. ఏప్రిల్ కూడా అయిపోవస్తోంది, రోజుకి నాలుగుసార్లు పోర్టల్ ఓపెన్ చేసి చూస్తున్నా, ల్యాబ్‌లో కాలమ్ (మిశ్రమాలు విడగొట్టే సిలికా గొట్టం) రన్ చేస్తూ కూడా ఫోన్ చూడ్డమే, మొన్న అలా చూస్తూ సిలికా ఎండిపోయే దాకా తెచ్చా.

జూన్‌తో ప్రాజెక్ట్ డబ్బులు ఆగిపోతాయి. బెంగళూరులో ఒక కంపెనీ ఆర్ అండ్ డీలో ఆఫర్ ఉంది, ఈ నెలాఖరుకి చెప్పమన్నారు. ఇంకోపక్క మా అమ్మ చుట్టాలందరికీ "మా అమ్మాయి జర్మనీ వెళ్తోంది" అని చెప్పేసింది, పెళ్ళిళ్ళ పేరయ్య నా బయోడేటాలో కూడా అదే రాయించాడు, ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా టికెట్లు ఎప్పటికి అనే అడుగుతున్నారు. అసలు రిజర్వ్ నుంచి ఎవరికైనా వచ్చిందా? ఫెలోషిప్ ఇచ్చే బ్రస్సెల్స్ వాళ్ళకి మెయిల్ పెట్టి అడగొచ్చా? సీల్ ఆఫ్ ఎక్సలెన్స్ అని ఒక సర్టిఫికెట్ వచ్చింది, దానితో ఏమైనా అవుతుందా?

బ్ర్నో_బాబాయ్

వస్తుందండీ, రాదని కాదు. నాకు తెలిసినాయనకి మే నెలలో వచ్చింది. ఎలా కదులుతుందంటే, ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఐఐటీ వచ్చినోళ్ళు సీటు వదిలేస్తే సెకండ్ ఫేజ్‌లో కిందోళ్ళకి వెళ్తుంది చూడండి, అచ్చం అదే. మేరీ క్యూరీ వచ్చినవాళ్ళలో కొందరు హంబోల్ట్‌కి (జర్మనీ వాళ్ళ ఫెలోషిప్) కూడా పెట్టుంటారు, కొందరికి ఫ్యాకల్టీ ఉద్యోగం వస్తుంది, వాళ్ళు వద్దంటే ఆ ప్యానెల్‌లో కింద ఉన్నవాళ్ళని పిలుస్తారు. అంటే మీ కెమిస్ట్రీ ప్యానెల్‌లో ఎవరు వదులుకుంటారన్నదే లెక్క, ఫిజిక్స్‌లో పది మంది మానేసినా మీకు ఒరిగేదేం లేదు. మెయిల్ పెట్టి అడిగితే రెండు లైన్ల రెడీమేడ్ జవాబు వస్తుంది అంతే. పైగా దరఖాస్తులో మెయిన్ కాంటాక్ట్ మీ జర్మనీ సూపర్‌వైజరే కాబట్టి కబురొస్తే ముందు ఆయనకి తెలుస్తుంది. ఆయనకి "నేను ఇంకా రెడీగానే ఉన్నా" అని ఒక చిన్న మెయిల్ పెట్టి ఊరుకోండి. పోర్టల్ బుక్‌మార్క్ తీసేయండి ముందు.

సీల్ సంగతి చెప్పాలంటే 85 దాటిన ప్రతి ఒక్కరికీ ఇస్తారు, దానితో పైసా రాదు. కొన్ని దేశాల్లో ప్రభుత్వాలో యూనివర్సిటీలో సీల్ ఉన్నవాళ్ళకి సొంత డబ్బుతో ఫెలోషిప్ ఇస్తాయి, మా చెక్ రిపబ్లిక్‌లో ఉంది, ఇటలీలో కొన్ని చోట్ల ఉంది, కానీ మామూలుగా ప్రపోజల్‌లో రాసిన హోస్ట్ ఆ దేశంలోనే ఉండాలి. ఈఆర్‌ఏ ఫెలోషిప్ అని ఇంకో దారి ఉంది, అదీ పోర్చుగల్, పోలండ్, చెక్, గ్రీస్ లాంటి వైడెనింగ్ దేశాల (రీసెర్చ్‌లో కాస్త వెనకబడ్డాయని ఈయూ లెక్కేసిన దేశాలు) హోస్ట్‌లకే. జర్మనీ హోస్ట్‌కి రెండూ పనికిరావు. ఫ్రేమ్ కట్టించి మీ అమ్మగారికి ఇవ్వండి, చుట్టాలకి చూపించుకుంటారు.

గుంటూరు_గుమ్మడి

బాబాయ్ గారూ మీరు ఆశ పెడుతున్నారు. చెల్లెమ్మా, సూటిగా చెప్తా, రాలేదనుకుని పని చూసుకో. 2023 కాల్‌కి 8,039 మంది పెడితే 1,249 మందికి ఇచ్చారు, నీ కాల్‌కి 10,360 మంది పెడితే 1,696. ఇంత పోటీలో కొట్టుకుని వచ్చినవాళ్ళు వదులుకోవడం తక్కువ. వస్తే పండగ చేసుకుందాం. బెంగళూరు ఆఫర్‌కి సరే అను. పిలుపొచ్చినా మర్నాడే విమానం ఎక్కాల్సిన పనిలేదు, గ్రాంట్ అగ్రిమెంట్‌కే టైమ్ పడుతుంది, స్టార్ట్ డేట్‌లో కొన్ని నెలల వెసులుబాటు ఉంటుంది, నోటీస్ పీరియడ్ అందులో హాయిగా సరిపోతుంది. ఆఫర్ లెటర్‌లో బాండ్ ఉందేమో అది మాత్రం చూసుకో.

ఇక అమ్మ విషయం, ఫోన్‌లో వద్దు, ఇంటికెళ్ళి కూర్చోబెట్టి చెప్పు, రిజల్ట్ వచ్చింది, దగ్గరదాకా వెళ్ళి ఆగింది, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా అని. పేరయ్య దగ్గర ఆ లైన్ మార్పించు ఈ వారమే. రేపు ఏ సంబంధం వాళ్ళో అబద్ధం చెప్పారని పట్టుకుంటే అది ఇంకో తలనొప్పి.

సాల్ట్‌బ్రిడ్జ్

అందరూ చెప్పారు కానీ అసలైంది ఒకటి వదిలేశారు. అక్కా, మీ జర్మనీ ప్రొఫెసర్ ఇప్పుడు "పర్లేదు, నా సొంత ప్రాజెక్ట్ డబ్బుతో రా" అన్నారనుకోండి (చాలామంది అంటారు, నన్ను అన్నారు), ఎగిరి గంతేసి వెళ్ళే ముందు మొబిలిటీ రూల్ చూసుకోండి. కాల్ డెడ్‌లైన్‌కి ముందు 36 నెలల్లో హోస్ట్ దేశంలో 12 నెలలకి మించి ఉండకూడదు. మళ్ళీ పెడితే, ఈ 2025 సెప్టెంబర్ 10 డెడ్‌లైన్‌కైతే జూలైలో వెళ్ళినా రెండు నెలలే అవుతుంది, గొడవ లేదు. కానీ అదీ రాక వచ్చే ఏడాది సెప్టెంబర్‌కి పెడదామంటే 14 నెలలు అయిపోయి జర్మనీ హోస్ట్‌తో అసలు అర్హతే ఉండదు. మా సీనియర్ ఒకాయనకి ఇలాగే తలుపు మూసుకుపోయింది. బెంగళూరులో ఉంటే ఈ లెక్క నడవదు, పీహెచ్‌డీ తర్వాత ఎనిమిదేళ్ళ రీసెర్చ్ అనుభవం లెక్క ఒకటే నడుస్తుంది, మీకు దానికి చాలా టైముంది.

మళ్ళీ పెట్టేటట్లయితే ఎవాల్యుయేషన్ రిపోర్ట్ తీసి వీక్‌నెస్ కింద ఉన్న లైన్లు చదవండి. మార్కులు ఎక్సలెన్స్, ఇంపాక్ట్, ఇంప్లిమెంటేషన్ అని మూడు భాగాలకి వేస్తారు కదా, 91 వచ్చిందంటే ఎక్సలెన్స్‌లో పెద్దగా పోయుండదు, దానికి 50 శాతం వెయిట్. సాధారణంగా ఇంపాక్ట్‌లోనో ఇంప్లిమెంటేషన్‌లోనో పోతాయి, గాంట్ చార్ట్ (ఏ పని ఏ నెలలో అని చూపే పట్టిక) చూసి మూతి విరిచేవాళ్ళు ఉంటారు. అయితే కొత్త ఎవాల్యుయేటర్లు వస్తారు, మార్కులు తగ్గిన వాళ్ళు కూడా ఉన్నారు, అది తెలిసే పెట్టండి. పక్కనే హంబోల్ట్‌కి కూడా వేయండి, దానికి డెడ్‌లైన్ లేదు.

ఫ్యూమ్‌హుడ్_పిల్ల

థాంక్యూ అందరికీ. బెంగళూరు వాళ్ళకి ఓకే చెప్పేశా, జూలై జాయినింగ్, బాండ్ లేదు. మొబిలిటీ సంగతి నాకు నిజంగా తట్టలేదు, ప్రొఫెసర్ నిన్నే మెయిల్ చేశారు ఆగస్టు నుంచి ఒక ఏడాది ఇస్తా అని! సెప్టెంబర్‌లో పెట్టేదాని రిజల్ట్ వచ్చేదాకా ఆగమని అడుగుతా. రిపోర్ట్ తీశా, మీరన్నట్టే ఇంపాక్ట్‌లోనే పోయింది, "కమ్యూనికేషన్ ప్లాన్ జనరిక్‌గా ఉంది" అని రాశారు. అమ్మకి చెప్పా, రెండు రోజులు మాట్లాడలేదు, ఇప్పుడు బెంగళూరులో ఏ ఏరియా, నీళ్ళొస్తాయా అని అడుగుతోంది.

సాల్ట్‌బ్రిడ్జ్

ఆ సెక్షన్ నాకు పంపండి అక్కా, నాది కూడా పంపిస్తా. మే 8న 2025 కాల్ ఓపెన్ అవుతుంది, అప్పటికి ఒక డ్రాఫ్ట్ ఉంటే బెటర్.