అమెరికన్ రాక్ బృందం దే మైట్ బీ జెయింట్స్ కొత్త ఆల్బం: పాటకీ పాటకీ మధ్య గండి పడకుండా ఎలా వినాలి?

బరంపురం_బుల్లిపెట్టె:
ఫోన్లో వింటుంటే ప్రతి పాట చివర చిన్న ఖాళీ వస్తోంది. పొట్టి పాటలైతే మొదలే వినబడటం లేదు. ఏ సెట్టింగు మార్చాలి?

పర్లాకిమిడి_శ్రోత:
అవి రెండు వేరువేరు జబ్బులండి. మొదలు మింగేస్తున్నది క్రాస్‌ఫేడ్, అంటే ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసే సెట్టింగు. దాన్ని సున్నా చేసి, గ్యాప్‌లెస్ (మధ్య ఖాళీ లేకుండా వాయించేది) ఆన్ చేయండి. వీళ్ల 1992 నాటి ‘అపోలో 18’ సీడీలో 38 ట్రాకులుంటే, అందులో 21 ‘ఫింగర్‌టిప్స్’ అనే పాట ముక్కలే. కొన్ని ఐదారు సెకన్లకు మించవు. క్రాస్‌ఫేడ్ 5 సెకన్లుంటే ఇక మిగిలేదేముంది?

ఖాళీకి కారణం ఎంపీ3. పాటను 1152 శాంపిళ్ల (ధ్వని కొలతల) చొప్పున, అంటే సుమారు 26 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తుంది. చివరి ముక్క నిండకపోతే నిశ్శబ్దంతో పూడుస్తుంది. మొదట్లోనూ కాస్త నిశ్శబ్దం చేరుతుంది. ఎంత చేరిందో లేమ్ అనే ఎంపీ3 తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఫైల్లోనే రాసిపెడుతుంది, కానీ అన్ని ప్లేయర్లూ అది చదవవు. సీడీ ఉంటే ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రకం) లోకి ఎక్కించండి, ఈ గోలే ఉండదు. 45 నిమిషాల ఆల్బం దాదాపు 300 ఎంబీ పడుతుంది.

రాయగడ_రేడియో:
ఇంకోటి. వాల్యూం సర్దుబాటు ‘ట్రాక్’ మీద కాదు, ‘ఆల్బం’ మీద పెట్టాలి. లేకపోతే కావాలని మెల్లగా పెట్టిన పాటను కూడా పెంచేస్తుంది. వరస కూడా పాడుచేయకండి, షఫుల్ వద్దు.

పర్లాకిమిడి_శ్రోత:
వరస మాట నిజమే గాని, ‘అపోలో 18’ ఒక్కటీ మినహాయింపు. ఆ ‘ఫింగర్‌టిప్స్’ ముక్కలు పెద్ద పాటల మధ్యలోకి చొరబడాలనే విడగొట్టారు. షఫుల్‌లో వినమని సీడీ పుస్తకంలోనే ఉంది. కొన్ని దేశాల ముద్రణల్లో అవన్నీ ఒకే ట్రాకుగా వచ్చాయి, వాటితో ఆ సరదా పోయినట్టే.

జయపూర్_ఘాటీ:
కారు పెన్‌డ్రైవ్ గురించి ఎవరూ చెప్పలేదేం? ఫ్యాట్32 (డ్రైవులో ఫైళ్లు అమర్చే ఒక పద్ధతి) లో ఫార్మాట్ చేయండి, చాలా స్టీరియోలు మిగతావి చదవవు. ఫైలు పేరు ముందు 01, 02 అని రెండంకెలు ఉండాలి. ఉత్త 1, 2 అని పెడితే 1 తర్వాత 10 వస్తుంది. కొన్ని చవక స్టీరియోలు పేరే చూడవు, కాపీ చేసిన వరసలోనే వాయిస్తాయి. అలాంటివాటికి ఖాళీ డ్రైవులోకి ఒక్కొక్కటిగా వరసన కాపీ చేయాలి. కోరాపుట్ నుంచి విశాఖ రైలెక్కేవాళ్లు పాటలు ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి. కొత్తవలస–కిరండూల్ లైనులో 58 సొరంగాలు, నెట్ నిలవదు. 320 కేబీపీఎస్ నాణ్యత‌లో నిమిషానికి 2.4 ఎంబీ లెక్కేసుకోండి.

బరంపురం_బుల్లిపెట్టె:
క్రాస్‌ఫేడ్ తీసేశాక మొదళ్లు పూర్తిగా వస్తున్నాయి. ఒక చెవిలోనే బడ్ పెట్టుకుంటే మాత్రం ఒక్కోసారి గొంతు సన్నబడుతోంది.

పర్లాకిమిడి_శ్రోత:
ఒక చెవికే వింటే రెండోవైపు పెట్టిన వాయిద్యమో గొంతో రాదు. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలో ‘మోనో ఆడియో’ (రెండువైపుల శబ్దాన్నీ కలిపి ఇచ్చేది) ఆన్ చేయండి. అయినా తొలిసారి మాత్రం రెండు చెవులా వినండి. ఈ బృందంలోని జాన్ లిన్నెల్ వాయించే అకార్డియన్‌ మన భజనల హార్మోనియం లాంటిది కాదు. హార్మోనియంలో ఒక చెయ్యి గాలితిత్తికే పోతుంది. ఇక్కడ కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి బాస్ బొత్తాల మీద, తిత్తి లాగేదీ నొక్కేదీ ఆ ఎడమచెయ్యే. లాగుడు దిశ మారేచోట స్వరం చిన్నగా కుదుపుతుంది. బాస్ తక్కువ పెట్టుకుని వింటే అది తెలుస్తుంది.