పాలు వాపస్ పోయినయని కంప్యూటర్ గొంతు హుషారుగ చెప్తే రైతుకు కోపమొచ్చింది, ఏం చేయాలె?

దేవరకొండ_పాలసెంటర్:
అన్నలు, అక్కలు, మాది దేవరకొండ దిక్కు చిన్న పాల సెంటర్. మెసేజ్‌లు పంపితే చాలామంది చదువుతలేరని రెండు నెలల సంది కంప్యూటర్ గొంతుతోని ఫోన్లు పోయేటట్టు పెట్టినం, ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత, బిల్లు ఎప్పుడు పడ్తది అని. మొన్న ఒక తాత పాలు విరిగినయని వాపస్ ఇచ్చినం, ఆయన ఇల్లు చేరకముందే ఫోన్ మోగింది, "నమస్కారం! ఈరోజు మీ పాలు తీసుకోలేదు!" అని పెండ్లి పిలుపు లెక్క చెప్పింది. తాత మళ్ల క్యాన్ పట్టుకొని వాపసొచ్చి "నా పాలు పోతే ఆ పిల్ల నవ్వుతదా" అని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. అది మనిషి కాదు తాతా అని చెప్పిన, అయినా కోపం తగ్గలే. మాటలల్ల తప్పు లేదు కదా, గొంతు తీరుకే ఇంతగనం ఎందుకు బాధైతది?

నల్లగొండ_సైకాలజీ:
తమ్మీ, తాత తప్పేం లేదు. మన చెవికి గొంతు పడంగనే అవతల ఒక మనిషున్నట్టే మనసు జవాబిస్తది, మిషిన్ అని తెలిసినా అంతే. అమెరికాల స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీల క్లిఫోర్డ్ నాస్ అనే ప్రొఫెసర్ దీని మీదనే ఏండ్ల తరబడి పనిచేసిండు. 2005ల ఆయన, ఇంకొందరు కలిసి కారు నడిపినట్టే ఉండే మిషిన్‌ల (సిమ్యులేటర్) చూసిన్రు, సంతోషంగ ఉన్న డ్రైవర్‌కు హుషారు గొంతు, మనసు బాగలేనోళ్లకు నెమ్మది గొంతు పెడితే యాక్సిడెంట్లు తక్కువైనయ్, ఆ గొంతుతోని ఎక్కువ మాట్లాడిన్రు కూడ. మాటలు అవే, తీరే మారింది. మీ తాతకు జరిగింది దీనికి ఉల్టా.

పాలమూరు_బిడ్డ:
మా అమ్మానాన్న పనికి పుణె పోయిన్రు, నాయనమ్మ ఒక్కతే ఇంట్ల ఉంటది. రికార్డు ఫోనొస్తే, గొంతు మెల్లగ, ఆగి ఆగి వస్తే "ఆ బిడ్డా, తిన్నవా" అని అడుగుతది, గబగబ వస్తే మాట పూర్తి కాకముందే పెట్టేస్తది. నాకు భయమేందంటే రేపు అట్లాంటి మెత్తటి గొంతుతోనే ఎవడన్న ఓటీపీ అడిగితే చెప్పేస్తది. గొంతు బాగు చేసుడు మంచిదే అన్న, గని మొదటి మాటల్నే ఇది కంప్యూటర్ ఫోన్ అని చెప్పిపియ్యి, దయచేసి.

వాయిస్_పని_హైదరాబాద్:
నేను ఐవీఆర్, అంటే ఫోన్ల కంప్యూటర్ గొంతు మాట్లాడే సిస్టమ్ పనిల ఉన్న, మాది మిర్యాలగూడ. మంచి వార్తకు, చెడ్డ వార్తకు ఒక్కటే సెట్టింగ్ పెట్టకు. వాపస్ మెసేజ్‌కు స్పీడ్ కొంచెం తగ్గియ్యి, పిచ్ దించు, "మీ పాలు" అన్నంక అరసెకను ఆగనియ్యి. ఆశ్చర్యార్థకాలు తీసెయ్, రాసింది చదివే కొన్ని కంప్యూటర్ గొంతులు ఆ గుర్తు చూడంగనే గొంతు లేపుతయ్. ఇంకోటి, ఎందుకు తీసుకోలేదో ఒక్క ముక్క చెప్పు. కారణం లేకుంట ఎంత మెత్తగ చెప్పినా తిప్పి పంపినట్టే ఉంటది.

దేవరకొండ_పాలసెంటర్:
అందరికి మస్తు థ్యాంక్స్. మార్చిన. ఇప్పుడు "ఇది పాల సెంటర్ కంప్యూటర్ ఫోన్" అని మొదలైతది, తర్వాత మెల్లగ "ఈ పూట మీ పాలు విరిగినయ్, అందుకే తీసుకోలేకపోయినం". నిన్న ఒకామెకు ఆ ఫోన్ పోయింది, ఆమె కోడలు చెప్పింది, అత్తమ్మ మొత్తం విని "సరే బిడ్డా, రేపు క్యాన్ మంచిగ కడిగి తెస్త" అని ఆ గొంతుకే చెప్పి పెట్టేసిందట.