జొన్నపిండి కలిపిన తపాలచెక్క పగలకుండా, గట్టిపడకుండా ఎట్ల?

మిర్యాలగూడ వంటిల్లు:
ఉత్త బియ్యప్పిండి తపాలచెక్కకు ఇబ్బంది లేదు. సగం జొన్నపిండి, అందులో సొరకాయ తురుము వేస్తేనే తంటా. తట్టేటప్పుడే అంచులు పగులుతున్నయి, నడుమ పచ్చిగా ఉంటోంది, చల్లారితే పళ్లకు పని చెప్తోంది. పిండి కలిపేది చన్నీళ్లతో. సర్వ (తపాలచెక్క తట్టే లోతు గిన్నె) లేదు, నాన్‌స్టిక్ పెనమే ఉంది. నీళ్లెన్ని, మంటెంత, ఎంతసేపు? కొలతలతో చెప్పండి. జొన్నపిండి తగ్గించమని మాత్రం అనకండి.

పాలమూరు రొట్టెలు:
చన్నీళ్ల దగ్గరనే వస్తోంది తేడా. గోధుమపిండికి ఉన్న సాగుడు జొన్నపిండికి ఉండదు. మరిగిన నీళ్లు పడితేనే దాంట్లోని గంజి ఉబ్బి జిగురొస్తది. జొన్నరొట్టెకు ఉడుకునీళ్లు పోసేది ఇందుకే కదా. అందుకని రెండు పిండ్లూ ఒకేసారి కలపొద్దు, ముందు జొన్నపిండి పని చూడాలె.

8 అంగుళాల పెనంలో మూడు, నాలుగు చెక్కలకు: జొన్నపిండి 1 కప్పు, బియ్యప్పిండి 1 కప్పు, లేత సొరకాయ తురుము 1 కప్పు, గంటసేపు నానిన శెనగపప్పు 3 పెద్ద చెంచాలు, నువ్వులు 2 పెద్ద చెంచాలు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు పావు కప్పు. 6 ఎల్లిపాయ రెబ్బలు, చిన్న చెంచా జీలకర్ర కలిపి దంచుకోండి. కారం చిన్న చెంచాడు, ఉప్పు ఒకటింపావు చిన్న చెంచా. కల్యామాకు, కొత్తిమీర, ఉల్లిపొరక మీ ఇష్టం, కానీ సన్నగా తరగాలె. పెద్ద ముక్క ఉన్నచోటనే చెక్క విరుగుతది.

ముప్పావు కప్పు నీళ్లలో సగం ఉప్పు వేసి తెర్లనియ్యండి. మంట ఆపి జొన్నపిండి పోసి, గరిటె కాడతో తిప్పి, 10 నిమిషాలు మూత పెట్టండి. ఈలోపు మిగతా ఉప్పు సొరకాయ తురుముకు పట్టించి పక్కన పెట్టండి, నీళ్లు ఊరతయి. తురుమును పిండేసి ఆ నీళ్లు పారబోయొద్దు, బియ్యప్పిండిని తడిపేది అవే. జొన్నముద్ద గోరువెచ్చగా ఉన్నప్పుడే చేత్తో బాగా మెదిపి, తక్కినవన్నీ కలపండి. ఇంకా పొడిగా అనిపిస్తే ఉడుకునీళ్లు ఒక్కో చెంచా చల్లుకోండి. వేలితో నొక్కితే పగలకుండా లోపలికి దిగాలె. చపాతీ పిండి కన్నా మెత్తగా ఉండాలన్నమాట.

కలిపినంక ఆగొద్దు. సొరకాయ ఇంకా నీళ్లు వదుల్తనే ఉంటది, అరగంటకే పిండి చేతికి అంటుకుంటది. అప్పుడు చాలామంది పొడిపిండి చల్లి సరిచేస్తరు. మీ చెక్క చల్లారితే గట్టిపడడానికి అదొక కారణం కావచ్చు, ఎందుకంటే తడి అందని పిండి ఉడకదు, ఎండుతది. పొడిపిండికి బదులు చేయి తడి చేసుకొని తట్టండి.

తడిబియ్యం పట్టించిన పిండయితే ఈ కొలతకు పైన నీళ్లే పట్టవు. జొన్నలు పచ్చవైనా తెల్లవైనా సరే, పిండి మాత్రం కొత్తగా పట్టించింది కావాలె. నెలల కొద్దీ డబ్బాలో ఉన్న పిండికి ఎంత ఉడుకునీళ్లు పోసినా జిగురు రాదు.

దేవరకొండ పొయ్యి:
పిండి సంగతి పైన అక్క చెప్పేసింది. పెనం సంగతి నేను చెప్త.

చల్లటి పెనంలో 2 చిన్న చెంచాల నూనె అడుగుకూ అంచుకూ రాసి, ముద్ద పెట్టి, నడుమ నుంచి బయటికి తట్టుకుంటూ పోండి. మందం పావు అంగుళం దాటొద్దు. నడుమ మందం, అంచు పల్చన అయితే అంచు మాడుతది, నడుమ పచ్చిగనే ఉంటది. మీకు జరుగుతున్నది ఇదే అనుకుంట. వేలితో ఆరేడు బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో రెండు చుక్కల నూనె. ఈ బొక్కలు అందం కోసం కాదు, అడుగున చేరే ఆవిరి పైకి రావడానికి, నూనె కిందికి దిగడానికి.

మూత పెట్టి మొదటి నిమిషం నడిమంట, తర్వాత సిమ్‌లో 7 నిమిషాలు. ఒక్కసారి మధ్యలో మూత తీసి, లోపలి తడి బట్టతో తుడిచి మళ్లీ పెట్టండి. లేకుంటే నీళ్లు కారి పైభాగం పిసపిసలాడుతది. చివర మూత లేకుండా 2 నిమిషాలు. పెనాన్ని అటూ ఇటూ జరిపి అంచులకూ సెగ తగలనియ్యండి. తిప్పి వేయొద్దు, ఒకవైపు కరకర, ఒకవైపు మెత్తన ఉంటేనే అది తపాలచెక్క.

రెండోదానికి వేడి పెనంలో తట్టలేరు, చేయి పెట్టగానే పిండి అతుక్కొని ఊడొస్తది. సర్వనైతే బోర్లించి నీళ్లు పోసి చల్లబరుస్తరు. నాన్‌స్టిక్‌కు ఆ పని చేయొద్దు, పెనం వంకర పోతది, పూత లేస్తది. తడిబట్ట మీదనో, నూనె రాసిన అరిటాకు మీదనో తట్టి పెనంలోకి బోర్లించి, మెల్లగ ఊడదీయండి. రెండు పెనాలుంటే ఇంకా నయం.

మిర్యాలగూడ వంటిల్లు:
మంచిగ చెప్పిన్రు అక్కా, అన్నా. సొరకాయ బదులు పుంటికూర వేయొచ్చా? చీజ్ తురుము వేస్తరని కూడా విన్న.

పాలమూరు రొట్టెలు:
పుంటికూర పచ్చిది వేస్తే పులుపు ఒక్కోచోట కుప్పపడతది. తరిగిన ఆకు కప్పున్నర, చిన్న చెంచా నూనెలో తడి పోయేదాకా మగ్గించి, చల్లారినంక కలపండి. అరకప్పు కూడా మిగలదు. సొరకాయ నీళ్లు లేవు కాబట్టి బియ్యప్పిండి తడవడానికి ఇంకో పావు కప్పు ఉడుకునీళ్లు కావాలె. జీలకర్ర తగ్గించి పచ్చిమిర్చి దంచి వేస్తే పులుపుకు జోడీ కుదురుతది. చింతచిగురు దొరికే రోజుల్లో అదీ ఇట్లనే, కాకపోతే ముప్పావు కప్పు చాలు.

చీజ్ నాకు నచ్చదు. కరిగి నూనె వదుల్తది, కింది కరకర పోతది. పిల్లలు అడిగితే దించేముందు పైన చల్లండి, పిండిలో కలపకండి.

దేవరకొండ పొయ్యి:
తర్వాత ఎప్పుడన్నా సర్వ కొంటే ఒకటి చూసుకోండి. అల్యూమినియందయితే పుంటికూర, చింతచిగురు చెక్కలు అందులో చేయొద్దు, పులుపు లోహాన్ని తింటది. కళాయి పూసిన ఇత్తడిదయితే ఖాళీగా పొయ్యి మీద పెట్టొద్దు. కళాయి అంటే తగరం, 232 డిగ్రీలకే కరుగుతది.

సూర్యాపేట హాస్టల్ గది:
జతకు పచ్చిపులుసు చేసేవాళ్లు పచ్చిమిర్చిని, ఒక ఉల్లిగడ్డను మంట మీద కాల్చి పిసికి కలపండి. వేయించిన నువ్వుల పొడి ఒక పెద్ద చెంచా వేస్తే చిక్కదనం వస్తది. సొరకాయ చెక్కకు మస్తుంటది. పుంటికూర చెక్కకు వద్దు, రెండూ పులుపే, గడ్డపెరుగు పెట్టుకోండి.

మిగిలిన చెక్కను మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరు లెక్క సాగుతది. పెనం మీద నాలుగు నీళ్ల చుక్కలు చల్లి, చెక్క పెట్టి, మూతేసి సిమ్‌లో 2 నిమిషాలు, మూత తీసి ఇంకో నిమిషం. సొరకాయది మర్నాటికి బయట ఉంచొద్దు, ఎండాకాలంలో సాయంత్రానికే వాసనొస్తది.