వెసికిల్స్ లేని గొట్టంలోనూ 100 నానోమీటర్ల కణాలు

ప్రశ్న (విజయనగరం): మూలకణాలు వదిలే ఎక్సోసోమ్‌లకు (నానో సైజు పొర సంచులు, అంటే వెసికిల్స్) పీకేహెచ్26 అనే, పొరకు అంటుకుని మెరిసే రంగు వేసి ఎలుకలో జాడ చూడాలి. వెసికిల్స్ లేకుండా ఉత్త రంగు కలిపిన పీబీఎస్‌లోనూ (ఉప్పు బఫర్ ద్రావణం) ఎన్‌టీఏ (నలుసుల కదలికను వీడియో తీసి, సైజూ సంఖ్యా చెప్పే పరికరం) కణాలు చూపిస్తోంది. ఎందుకండీ?

జవాబు (శ్రీకాకుళం): అది రంగేనండి. పీకేహెచ్ నీళ్లలో తనంతట తనే ముద్దకట్టి, వెసికిల్ సైజుకే వస్తుంది. అతివేగంగా తిప్పే అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో రంగు ముద్దలూ వెసికిల్సూ రెండూ కలిసే అడుక్కి దిగుతాయి. సైజు ఒకటే గనక, సైజును బట్టి వేరుచేసే కాలమ్ కూడా పూర్తిగా విడదీయదు. ఉత్త రంగు గొట్టాన్ని మొదటి మెట్టు నుంచీ పక్కనే నడిపి, వేరే ఎలుకకు అదే ఎక్కించండి. లేకపోతే కాలేయంలో మెరిసేది ఏదో తేలదు.

మరో జవాబు: పీబీఎస్‌ను 0.1 మైక్రాన్ ఫిల్టర్‌లో వడగట్టి, విడిగా కొలవండి. పొరల్ని కరిగించే డిటర్జెంట్ ట్రైటన్ 0.1% వేశాకా లెక్క తగ్గకపోతే, అవి చాలావరకు వెసికిల్స్ కావు, ప్రొటీన్ ముద్దల్లాంటివి.

విజయనగరం: ఎన్‌టీఏ వీడియోలో ఫ్రేముకు 150 కణాలొస్తున్నాయి, పరవాలేదా?

శ్రీకాకుళం: ఎక్కువండి. 50 దగ్గరికి పలుచన చేయండి. కిక్కిరిస్తే జాడలు కలిసిపోతాయి.