సెయింట్ లూయిస్ పాత చైన్ ఆఫ్ రాక్స్ బ్రిడ్జి: పెద్దవాళ్లతో ఏ వైపు నుంచి ఎక్కాలి?

ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు. నాన్న ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మిస్సోరీ, ఇల్లినాయి మధ్య మిసిసిపీ మీద 1929లో తెరిచిన ఈ ట్రస్ (ఉక్కు చట్రాల) బ్రిడ్జి చూడాల్సిందేనని పట్టు! ఒకప్పుడు రూట్ 66 అనే పేరున్న పాత హైవే దీని మీదుగానే పోయేది. 1999 నుంచి నడిచేవాళ్లకీ సైకిళ్లకీ మాత్రమే. నది మధ్యలో 22 డిగ్రీల వంపు ఉంది కదా, నాన్నకి కావాల్సింది అదే. ఊళ్లో అందరూ చూసే గేట్‌వే ఆర్చ్ కట్టడం ఆయనకి ఆనలేదు లెండి.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. మైలు పొడవు మొత్తం నడవలేదు. వంపు దగ్గరికి ఏ ఒడ్డు నుంచి దగ్గర? మధ్యలో కూర్చోడానికి ఏమైనా ఉందా? మిస్సోరీ వైపు పార్కింగ్‌లో కార్ల అద్దాలు పగలగొడతారని విని కాస్త టెన్షన్‌గా ఉంది. ఈమధ్య వెళ్లినవాళ్లు కారు ఎక్కడ పెట్టారో చెప్పరూ?